రోడ్డు దాటించిన ఆట

వర్డెల్ స్టోక్స్‌కి కోపం ఎక్కువని లూసన్ బెండ్‌లో పసిపిల్లలకు కూడా తెలుసు. హైస్కూలు జిమ్‌లో ఆవిడ కేకేస్తే బయట పత్తి లారీ తోలుకుపోయే డ్రైవరు బ్రేకు మీద కాలు పెడతాడని చెప్పుకుంటారు. నలభై ఏళ్ళకు పైగా ఆ ఊరి ఆడపిల్లలకు బాస్కెట్‌బాల్ నేర్పింది. ఆవిడ చేత తిట్లు తినని పిల్లా, ఆవిడ చేతి మొక్కజొన్న రొట్టె తినని పిల్లా ఊళ్ళో అరుదు. అయితే ఆ కోపం పుట్టుకతో వచ్చింది కాదు. అదెక్కడ మొదలైందో, ఎవరు రాజేశారో మా పెద్దవాళ్ళకు తెలుసు. తెలియని కుర్రకారు మాత్రం ముసలావిడ చాదస్తం అనుకుంటారు.

తండ్రి పత్తి గింజలు తీసే జిన్నింగు మిల్లులో పనిచేస్తూ వర్డెల్ చిన్నప్పుడే పోయాడు. తల్లి ఐవరీ బడి వంటశాలలో వండేది. పదమూడేళ్ళకే వర్డెల్ తల్లిని మించి పొడుగెదిగింది. బాప్టిస్టు చర్చి వెనక గోడకు పాస్టరు గారు కొట్టించిన ఇనప రింగు ఒకటుండేది. దాని కింద నేల గట్టిపడి సిమెంటులా ఉండేది. మగపిల్లలు ఆడుకుంటుంటే వర్డెల్ వెళ్ళి నిలబడేది. పొమ్మంటే పోయేది కాదు. బంతి తన వైపు దొర్లిందంటే ఇక అది వాళ్ళ చేతికి చిక్కేది కాదు.

"దీనికి బూట్లు కొనలేక చస్తున్నానమ్మా," అని ఐవరీ ఇరుగుపొరుగుతో మొత్తుకునేది. "కాళ్ళా అవి? పడవలు!"

"నీ వంట తింటే ఎవరి కాళ్ళైనా పడవలే అవుతాయి, ఐవరీ," అని వాళ్ళు నవ్వేవాళ్ళు.

వర్డెల్ ఎడమచేతి వాటం. కోర్టు చివరి గీత పక్కన గాల్లోకి లేచి, దిగబోతున్నట్టే ఉండి, ఆఖరి క్షణంలో బంతి వదిలేది. ఎదుటి పిల్ల అప్పటికే నేల మీద ఉండేది. హైస్కూలు చివరి ఏడు ఆ ఆట చూడ్డానికి టాలిస్ కాలేజీ నుంచి మిస్ పర్విస్ అనే కోచ్ వచ్చింది. కొండప్రాంతపు తెల్లావిడ, పొట్టి మనిషి, మాట్లాడేటప్పుడు మెడలో ఈల పట్టుకుని తిప్పుతూ ఉండేది. ఒక శనివారం ఐవరీ ఇంటికొచ్చి, వేయించిన క్యాట్‌ఫిష్ తిని, చేతులు తుడుచుకుని, "మిసెస్ స్టోక్స్, మీ అమ్మాయిని నాకివ్వండి," అంది.

తెల్లవాళ్ళు మా నల్లవాళ్ళని ఒట్టి పేర్లతో పిలిచే రోజులవి; ఒక తెల్లమనిషి నోట ఐవరీ 'మిసెస్' అన్న పిలుపు వినడం అదే మొదలు. అయినా కరిగిపోలేదు.

"ఇస్తాను సరే. అక్కడ నా పిల్లకి దెబ్బ తగిలితే ఎవరు చూస్తారు?"

"నేను చూస్తానమ్మా."

"మాట?"

"మాట."

అలా వర్డెల్ డెబ్భై మూడులో టాలిస్‌కి వెళ్ళింది. ఆడపిల్లలకూ ఆటలో వాటా ఇవ్వాలని ప్రభుత్వం అప్పుడే చట్టం చేసింది. చట్టమైతే వచ్చింది కానీ టాలిస్‌లో జిమ్ తాళాలు గ్రేడీ హ్యాచర్ జేబులో ఉండేవి. హ్యాచర్ మగపిల్లల జట్టుకు కోచ్, కాలేజీ ఆటలన్నిటికీ డైరెక్టరు కూడా. ఆయన పిల్లలు చెక్కనేల మీద సాధన ముగించి, స్నానాలు చేసి, వేడి భోజనాలకు వెళ్ళాక ఆడపిల్లలకు తలుపు తెరిచేవాళ్ళు. మగజట్టు ఊరు దాటితే బస్సు, హోటలు. ఆడజట్టు వెళ్తే మిస్ పర్విస్ స్వయంగా వ్యాను తోలేది. వెనక సీట్లో కూర్చున్న పిల్లలు రొట్టెల మధ్య బలోనీ అనే చవక మాంసం ముక్కలు పెట్టి ముందుకు అందించేవాళ్ళు. జట్టు చొక్కాలు వాలీబాల్ జట్టువి. వాళ్ళ ఆట ఉన్న వారం వీళ్ళు తమ ఆట వాయిదా వేసుకోవాలి.

ఇవన్నీ వర్డెల్ మొదట్లో పట్టించుకోలేదు. చర్చి వెనక మట్టిలో ఆడినదానికి చెక్కనేల దొరకడమే గొప్ప. రెండో ఏటికి ఆమె ఆట చూడ్డానికి జనం రావడం మొదలైంది. మొదట విద్యార్థులు, తర్వాత ఊళ్ళోవాళ్ళు, ఆ తర్వాత మా ఊరున్న డెల్టా పల్లపు ప్రాంతం నుంచి చర్చి వ్యాన్లలో మా వాళ్ళు. ఆడజట్టు ఆట సాయంత్రం ఐదింటికి, మగజట్టుది ఏడున్నరకి. మూడో ఏటికి వచ్చేసరికి ఐదింటికి జిమ్ నిండిపోయి, ఏడున్నరకి సగం ఖాళీ అయ్యేది. ఆ ఖాళీ బల్లలు హ్యాచర్ కంట్లో నలుసులయ్యాయి.

"ఇంటికి పోయేవాళ్ళని ఆపండి, తలుపులు దగ్గరికి వెయ్యండి," అని ఆయన కాపలావాళ్ళతో అన్నాడని కాలేజీలో నవ్వుకున్నారు. నవ్వినవాళ్ళలో వర్డెల్ కూడా ఉంది. ఆ నవ్వుకి తర్వాత చాలా ఏళ్ళు తనని తాను తిట్టుకుంది.

డెబ్భై ఆరు ఫిబ్రవరిలో పైన్‌రిడ్జ్ కాలేజీతో ఆట. గెలిచినవాళ్ళు ప్రాంతీయ పోటీలకు వెళ్తారు. ఐవరీ ఆరోజు వంటశాలకు సెలవు పెట్టి, చర్చి టోపీ పెట్టుకుని, కూతురి ఆట చూడ్డానికి వచ్చింది. ఆట కొసదాకా సాగి సాగి సమానంగా ముగిసింది. నిబంధన ప్రకారం ఇంకో ఐదు నిమిషాలు ఆడాలి. పిల్లలు నీళ్ళు తాగుతున్నారు. జనం కాళ్ళతో బల్లలు దడదడలాడిస్తున్నారు.

అంతలో గోడ మీది స్కోరుబోర్డు ఆరిపోయింది.

కరెంటు పోయిందేమో అనుకున్నారు. పైన దీపాలు వెలుగుతూనే ఉన్నాయి. రెండు తలుపుల్లోంచీ మగజట్టు బంతులు కొట్టుకుంటూ కోర్టులోకి వచ్చేసింది. వెనకాల హ్యాచర్, సూటు వేసుకుని, చేతి గడియారం చూసుకుంటూ వచ్చాడు.

"టైమైపోయింది, మిస్ పర్విస్. మా వాళ్ళు ఒళ్ళు వేడెక్కించుకోవాలి. రేడియోవాళ్ళు కాచుక్కూర్చున్నారు. మిగిలిందేదో పాత జిమ్‌లో చూసుకోండి."

మిస్ పర్విస్ అడ్డం వచ్చింది. "కోచ్, ఐదే ఐదు నిమిషాలు."

"అదే నేనూ అంటున్నా. ఐదు నిమిషాలే కదా, ఎక్కడాడితే ఏం?"

వర్డెల్ బంతి నడుముకు ఆనించుకుని కోర్టు మధ్యకు నడిచింది. అక్కడ చతికిలబడి కూర్చుంది. "నేను లేవను," అంది. మగజట్టులో ఒకడు పక్కనుంచి పోతూ, "లేవమ్మా తల్లీ, నీ బరువుకు చెక్కలు విరుగుతాయి," అన్నాడు. ఇంకొకడు నవ్వాడు. వర్డెల్ చేతిలో బంతి లేకపోతే ఆ పూట వాడి పళ్ళు రాలేవి.

హ్యాచర్ ఆమె వైపు చూడను కూడా చూడలేదు. మిస్ పర్విస్‌తోనే అన్నాడు: "ఆ పిల్ల లేవకపోతే మీరు ఓడిపోయారని రాయిస్తా. మీ ఇష్టం."

మిస్ పర్విస్ ఈల గుప్పిట్లో పట్టుకుని వంగి వర్డెల్ భుజం మీద చెయ్యి వేసింది. "లే అమ్మా. గెలిచి వాడి నోరు మూయిద్దాం."

"మనం లేస్తే వాడు గెలిచినట్టే, కోచ్," అంది వర్డెల్. కానీ మిగతా పిల్లలు బిక్కమొహాలతో చూస్తుంటే లేచింది.

పాత జిమ్ రోడ్డుకి అవతల ఉంది. బయట సన్నగా చినుకు, ఎముకలు కొరికే చలి. చెమట చొక్కాలతోనే రెండు జట్లూ గడప దాటాయి. అప్పుడు బల్లల మీద నుంచి మొదట లేచింది ఐవరీ. టోపీ సరిచేసుకుని, సంచీ చంకన పెట్టుకుని, ఎవరితో ఏమీ అనకుండా కూతురి వెంట నడిచింది. ఆమె వెనక చర్చి వ్యానువాళ్ళు లేచారు. తర్వాత విద్యార్థులు, తర్వాత ఊళ్ళో షాపులవాళ్ళు, పైన్‌రిడ్జ్ నుంచి వచ్చినవాళ్ళు కూడా. జనం రోడ్డు మీదికి బారులు తీరేసరికి పోలీసు కార్లని ఆపేశాడు. హ్యాచర్ రేడియోవాళ్ళు ఆ పూట ఖాళీ బల్లల గురించి ఏం చెప్పి ఉంటారో కానీ, ఆ ఊరేగింపు మాత్రం చూసినవాళ్ళెవరూ మరిచిపోలేదు.

పాత జిమ్‌లో బల్లలు లేవు. జనం గోడలకు ఆనుకుని నిలబడ్డారు. కింద సిమెంటు, దాని మీద టైల్సు. తడి బూట్లతో, అంతమంది ఊపిరితో నేల చెమటపట్టింది. ఎవరో కోటు విప్పి తుడిచారు, మళ్ళీ తడిసింది.

చివరి క్షణాల్లో టాలిస్ ఒక పాయింటు వెనక ఉంది. తోటి టాలిస్ పిల్ల వేసిన బంతి రింగుకు తగిలి ఎగిరింది. వర్డెల్ గుంపులోంచి లేచి, రెండు చేతులతో దాన్ని అందుకుని, గాల్లో ఉండగానే ఎడమచేత్తో లోపలికి నెట్టింది. కుడికాలి మీద దిగింది. కాలు ముందుకు జారింది, ఒళ్ళు వెనకే ఉండిపోయింది. ఎండుపుల్ల విరిగినట్టు చప్పుడు గోడ దగ్గరున్నవాళ్ళకి కూడా వినిపించింది.

టాలిస్ గెలిచింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

దెబ్బలు చూసే ట్రైనరు కాలేజీకి ఒక్కడే. ఒక పిల్ల రోడ్డు దాటి పరుగెత్తింది. ఏడుస్తూ తిరిగొచ్చింది.

"రాడంట. మగవాళ్ళ ఆట మొదలైపోయిందంట. ఐస్ పెట్టుకోమన్నాడు హ్యాచర్."

ఐవరీ, మిస్ పర్విస్ చెరో పక్కా పట్టుకుని వర్డెల్‌ని వ్యాను ఎక్కించారు. ఆసుపత్రిలో ఎముకల డాక్టరు సోమవారం దాకా లేడన్నారు. మోకాలు గుమ్మడికాయంత ఉబ్బింది. వరండాలో ఐవరీ టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"చూస్తానన్నావు," అంది మిస్ పర్విస్‌తో.

మిస్ పర్విస్ మర్నాడు కాలేజీ ప్రెసిడెంటు గదిలోకి వెళ్ళి బల్ల గుద్ది మరీ పోట్లాడింది. పై ఏడు ఆమెకు జట్టు లేదు, ఒట్టి డ్రిల్లు క్లాసులే మిగిలాయి.

మోకాలు కోసి కుట్టారు. డాక్టరు నడవగలవన్నాడు. ఆట సంగతి అడిగితే కాగితాల్లోకి చూశాడు. వేసవి రాకముందే హ్యాచర్ ఆఫీసుకు పిలిచాడు.

"ఆడని పిల్లకి ఆట స్కాలర్‌షిప్ ఎలా ఇస్తామమ్మా? నువ్వే చెప్పు. న్యాయంగా ఉండాలి కదా."

చదువు వదలడం వర్డెల్‌కి ఇష్టం లేదు. కాలేజీ వంటశాలలో పనికి చేరింది. శుక్రవారాలు మగజట్టు తిన్న పళ్ళేలు ఆమె దగ్గరికే వచ్చేవి. సగం తిని వదిలేసిన మాంసం ముక్కలు చెత్తడబ్బాలోకి గీకుతూ, వ్యానులో తిన్న బలోనీ రొట్టెలు తల్చుకుని పళ్ళు కొరుక్కునేది. డిగ్రీ పట్టా తీసుకునే రోజు వేదిక మీద హ్యాచర్ చెయ్యి చాపితే, చూడనట్టు కుంటుకుంటూ దాటిపోయింది.

లూసన్ బెండ్‌కి తిరిగొచ్చి హైస్కూల్లో టీచరైంది, ఆడపిల్లల జట్టు చేతికి తీసుకుంది. సాధనకు ముందు నేల తనే తుడిచేది. ఎవరినీ ముట్టుకోనిచ్చేది కాదు. ఆడపిల్లలకు ఆమె మొదట నేర్పింది ఎగరడం కాదు, దిగడం. "రెండు కాళ్ళమీదా దిగవే! పిల్లిలా దిగు! కొంగలా ఒంటికాలి మీద నిలబడ్డానికి ఎవరి చేపలు పట్టాలని?" అని అరిచేది. ఎదుటి ఊళ్ళో కోర్టు తడిగా ఉంటే జట్టుని బయటే కూర్చోబెట్టేది. రిఫరీలు ఆమెను రెండుసార్లు హాల్లోంచి గెంటేశారు. స్కూలు బోర్డు పిలిచి మందలించింది. "ముందు నేల తుడిపించండి, తర్వాత నన్ను తుడిచెయ్యండి," అందట వాళ్ళతో.

ఆమె జట్టు పిల్లల్లో డమీటా గేదర్స్ అని ఒకతె. నాయనమ్మ దగ్గర పెరిగిన మొండిఘటం. మొదటి వారమే వర్డెల్ తిట్లకి ఒళ్ళుమండి బంతి విసిరికొట్టి వెళ్ళిపోయింది. మర్నాడు డమీటా ఇంటి మెట్ల మీద వర్డెల్ కూర్చుని కనిపించింది.

"మళ్ళీ తిట్టడానికొచ్చారా, కోచ్?"

"తిట్టడానికే. నీకు చేతకాకపోతే తిట్టేదాన్నే కాదు. వృథాగా తిట్టే ఓపిక నాకెక్కడిది?"

డమీటా పెద్ద యూనివర్సిటీలో ఆడింది, కోచ్ అయింది. రెండువేల పద్నాలుగులో, ఎవరూ అనుకోని విధంగా, టాలిస్ ఆడజట్టుకే కోచ్‌గా వచ్చింది. కొత్తగా పెద్ద ఆటల భవనం కడుతున్న రోజులవి. దాంట్లో పేరున్న పాత ఆటగాళ్ళ చొక్కాలు గౌరవంగా పైన వేలాడదీస్తారు. ఆడవాళ్ళలో ఎవరిదని వెతికితే, జనం మరిచిపోని పేరు ఒక్కటే దొరికింది. కాలేజీ ప్రెసిడెంటు భోజనానికి పిలిచాడు. డమీటా బతిమాలితే వర్డెల్ వెళ్ళింది.

బల్ల దగ్గర ఎనభై ఆరేళ్ళ గ్రేడీ హ్యాచర్ చక్రాల కుర్చీలో ఉన్నాడు. కొత్త భవనానికి ఆయన పేరే పెడుతున్నారు. ఆ సంగతి వర్డెల్‌కి ముందు ఎవరూ చెప్పలేదు. డమీటాకి కూడా తెలియదని ఆమె ముఖం చూస్తేనే అర్థమైంది.

"వర్డెల్! ఎంత గొప్ప ఆటగత్తెవమ్మా," అన్నాడు హ్యాచర్ వణికే చెయ్యి చాపి. "నేనెప్పుడూ అనేవాణ్ణి. పాపం, ఆ కాలు... ఎలా పోయిందో?"

వర్డెల్ ఫోర్కు కింద పెట్టింది. "మీకు గుర్తులేదా?"

"దెబ్బ తగిలిందని తెలుసు. ఎలాగన్నది..." అని బుర్ర ఊపాడు. నటన కాదు. ఆ మసక కళ్ళలో అబద్ధం లేదు. నిజంగానే గుర్తులేదు.

నలభై ఏళ్ళు ఆ మనిషి మీద కోపాన్ని ఆమె నిప్పు కుంపటిలా ఒళ్ళో పెట్టుకుని మోసింది. ఆ మనిషి మాత్రం ఆ సాయంత్రాన్ని కోటు మీది దుమ్ములా దులుపుకుని పోయాడు. వర్డెల్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది. కుర్చీ లాక్కుని ఆయనకి ఎదురుగా కూర్చుంది. ఆరిపోయిన బోర్డు, ఐదు నిమిషాలు, చినుకు, తడి టైల్సు, రాని ట్రైనరు, అన్నీ మొదట్నుంచీ చెప్పింది. కేకలేయలేదు. ఆమె గొంతు తగ్గించి మాట్లాడడం డమీటా వినడం అదే మొదటిసారి. అరుపులకన్నా అదే భయంగా ఉందని తర్వాత చెప్పింది.

హ్యాచర్ శ్రద్ధగా విన్నాడు. విని, నుదురు ముడివేసి, "ఆరోజు మా కుర్రాళ్ళు గెలిచారా?" అని అడిగాడు.

వర్డెల్ లేచి నిలబడింది. "నీ కుర్రాళ్ళు గెలిచారో చచ్చారో నాకెందుకురా!" అంది. ప్రెసిడెంటు గొంతు సవరించుకుని, "మేడమ్, పెద్దాయన, ఆరోగ్యం బాలేదు..." అంటూ లేచాడు.

"నాకు మాత్రం బాగుందా?" అని వర్డెల్ ఆయన మీదికి తిరిగింది. "ఈ మనిషి పేరు కింద నా చొక్కా వేలాడదీస్తారా? అసలు ఏ చొక్కా? నేను తొడిగింది వాలీబాల్ జట్టు చొక్కా. ఎప్పుడో చింపిరై పోయుంటుంది. ఇప్పుడు కొత్తది కుట్టించి నాదంటారా?"

"మరి మీకేం కావాలో చెప్పండి."

"మా డెల్టా స్కూళ్ళల్లో ఆడపిల్లల ఆటకి ట్రైనరు లేడు. పిల్ల పడితే అమ్మలు, టీచర్లు మోసుకుపోతున్నారు. మీ దగ్గర డజను మంది ఉన్నారు. ఆట ఉన్నరోజు ఒకణ్ణి పంపండి. పంపిననాడు చొక్కా సంగతి మాట్లాడదాం."

ప్రెసిడెంటు పరిశీలిస్తామన్నాడు. కమిటీ వేశాడు. ఏడాది తర్వాత, కాలేజీ బయట పని చేయించడానికి నిబంధనలు ఒప్పుకోవని కబురొచ్చింది. భవనం తెరిచిన రోజు, మగజట్టు ఆట మధ్య విరామంలో, వర్డెల్ అనుమతి లేకుండానే చొక్కా పైకెత్తారు. ఆమె స్థానంలో ఎవరైనా నిలబడితే ఫొటో తీసుకుందామని డమీటాని పిలిచారు.

"ఆవిడ నిలబడని చోట నేను నిలబడను," అని డమీటా బయటికొచ్చేసింది. ఆ మాట పేపర్లలో పడింది. అదే ఏడు ఆమె జట్టు ఎన్నడూ లేనంతగా గెలిచింది. పెద్ద కాలేజీలు రెండు ఆమెను రమ్మన్నాయి. టాలిస్ వాళ్ళు ఉండమని బతిమాలారు.

"ఉంటాను," అంది డమీటా. "ట్రైనర్లు డెల్టాకి వెళ్ళాలి. దానికి మీరు సంతకం పెట్టాకే నా సంతకం."

ఒక్క వారంలో నిబంధనలు ఒప్పుకున్నాయి.

మొదటి సీజనులోనే పొరుగూరి పిల్ల ఒకతె వర్డెల్ జట్టు మీద ఆడుతూ పడింది. ట్రైనరు కుర్రవాడు కోర్టులోకి పరుగెత్తి, మోకాలు అటూ ఇటూ కదిపి చూసి, బెణుకే అని తేల్చి కట్టు కట్టాడు. గోడ పక్కన నిలబడి వర్డెల్ చూసింది. సంతోషించాల్సింది. ఇంటికొచ్చాక మాత్రం వంటింట్లో పెనం విసిరికొట్టింది. "ఇంతేనా? ఇంత చిన్న పనికా నలభై ఏళ్ళు!" అని గోడల్ని అడిగింది. తొంభైయేళ్ళు దాటిన ఐవరీ పక్కగదిలోంచి, "పెనం విరిగితే కొత్తది నువ్వే కొను," అంది.

మర్నాడు వర్డెల్ కొత్త పెనం కొంది. ఇంకో రెండేళ్ళు జట్టుని నడిపి, మోకాల్లో ఇనుము వేయించుకుని రిటైరైంది. హ్యాచర్ ఎప్పుడో పోయాడు, భవనం మీద పేరు అలాగే ఉంది. అందుకే ఆమె ఆ గడప తొక్కలేదు. డమీటా జట్టు వేరే ఊళ్ళో ఆడితే ఎంత దూరమైనా కారు తోలుకుని వెళ్తుంది. టాలిస్‌లో ఆడితే మాత్రం ఇంట్లోనే రేడియో పెట్టుకుని, కాలు స్టూలు మీద చాపుకుని, వీధి చివరిదాకా వినిపించేలా రిఫరీని తిడుతూ కూర్చుంటుంది.